ముప్పై ఆరున్నొకటి

మా నాయన నోటి నుంచి ఏడు అనే అంకె నేను ఎప్పుడూ వినలేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. పడుగు పోగులు ఎంచేటప్పుడు నాయన మొదటి పోగును ఒకటి అనడు, లాభం అంటాడు. రెండు, మూడు, నాలుగు అని వరసగా పోయి, ఆరు తర్వాత ఆరున్నొకటి అని, ఎనిమిదిలోకి దాటుకుంటాడు. కళ్లాల్లో ధాన్యం కొలిచేవాళ్లదీ అదే పద్ధతి. "ఏడు అంటే ఏడవమని చెప్పినట్టు పాపా. కొత్త పడుగు ముందర ఆ మాటెందుకు?" అనేవాడు. చిన్నప్పుడు నేనూ అట్లాగే ఎంచేదాన్ని. మద్రాసులో కాలేజీ చదువు అయ్యాక మానేశాను. మానేయడమే కాదు, ఎవరైనా అట్లా ఎంచితే నాకు సిగ్గుగా ఉండేది.

నాయనకు మూత్రపిండాల జబ్బు బయటపడింది జర్మనీతో యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం. తెల్లవారితే ముఖం వాచేది. కాలి మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడేది కాదు. ఉప్పు మానేయమన్నారు, మానేశాడు. అంతకు మించిన మందు ఎవరి దగ్గరా లేదు.

పెనుకొండలో ఒక ఆస్పత్రికి నెలకోసారి బెంగుళూరు నుంచి ఒక పరిశోధన డాక్టరు వస్తాడని తెలిసింది. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లలో మెదడు పని ఎట్లా మందగిస్తుందో ఆయన కొలుస్తున్నాడట. ఉత్తరాది మనిషి. తెలుగు రాదు, కన్నడం రాదు. రోగి వెంట ఇంగ్లీషు తెలిసిన మనిషి రావాలన్నారు. నేను ఎగిరి గంతేశాను. చదివిన శరీరశాస్త్రం ఇన్నాళ్లకు నాయనకు పనికొస్తుందనుకున్నాను. నాయన ధర్మవరంలో రైలెక్కేవాడు. నేను చంకలో నా పిల్లతో, మా అత్తగారి ఊరు హిందూపురంలో ఎక్కేదాన్ని. పెనుకొండ స్టేషన్లో కలుసుకునేవాళ్లం.

డాక్టరు మర్యాదస్తుడు. ముందు నెత్తురు తీసేవాడు. తర్వాత మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిప్పేవాడు. గంట మోగగానే నాయన ఒక మీట నొక్కాలి. నొక్కినప్పుడల్లా మసి మీద ఒక ముల్లు తెల్లగీత గీసేది. గంట మోగిన గుర్తుకూ ఆ గీతకూ దూరం పెరిగితే మెదడు మందగిస్తున్నట్టు.

"ఇదీ ఒక మగ్గమే కదా పాపా," అన్నాడు నాయన. "పాపం, ఒక్క పోగుతో నేస్తాండాడు."

ఆఖరున లెక్క. నూరులో నుంచి ఏడు తీసేయాలి, మిగిలిన దాంట్లో నుంచి మళ్లీ ఏడు, అట్లా చివరిదాకా. వరసగా రెండు తప్పులు వస్తే పరీక్ష ఆపేస్తారు. "ఆయన అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పండి. మీరు సరిదిద్దవద్దు, కలపవద్దు," అని డాక్టరు నాకు ముందే చెప్పాడు.

"నూట్లో నుంచి ఏడేడు తీసేసుకుంటా పోవాల నాయనా," అన్నాను.

నాయన ఒకసారి నా ముఖంలోకి చూశాడు. "మగ్గం మీద కలిపేదే గాని తీసేసేది లేదు గదమ్మా," అన్నాడు.

పక్కనున్న కాంపౌండరు నవ్వాడు. "తీసేత రాకపోతే చీరెట్లా నేస్తాండావప్పా? కొంగు ఒకపక్కకు, నువ్వొకపక్కకు పోవూ?"

"మా చీర కట్టుకున్నోళ్లెవరూ వెనక్కి తెచ్చియ్యలేదులే అబ్బా," అని నాయన మొదలుపెట్టాడు. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. నిదానమే గాని తప్పు లేదు. యాభై ఒకటి. నలభై నాలుగు. అక్కడ ఆగాడు. డాక్టరు చేతిలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. నాకు అర్థమైంది, తర్వాతది ముప్పై ఏడు.

"ముప్పై ఆరూ..." అన్నాడు నాయన. ఊపిరి అందలేదు. ఆగి, "న్నొకటి," అన్నాడు.

నేను అన్నది అన్నట్టు చెప్పాను. ముప్పై ఆరు అన్నాను. ఒకటి అన్నాను. ఇంగ్లీషులో అవి రెండు అంకెలు, రెండూ తప్పే. డాక్టరు పెన్సిలు ఎత్తి, "ఈ జవాబుకు మీ భాషలో వేరే అర్థం ఏమైనా ఉందా?" అని అడిగాడు. ఆయన అడగలేదని నేను ఎన్నటికీ అనలేను. కాంపౌండరు చూస్తున్నాడు. నర్సమ్మ చూస్తోంది. మా నాయన ఒక అంకెకు భయపడతాడని ఆ గదిలో ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"లేదు," అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు. పరీక్ష ఆపేశాడు.

తర్వాతి నెల రైలు దిగగానే స్టేషన్లోనే నాయనను బతిమాలుకున్నాను. "ఆ మాట అనెయ్యి నాయనా. ఈడ మగ్గం లేదు గదా."

"మగ్గం ఈడ లేదు పాపా. నేను ఈడ ఉండా కదా," అన్నాడు.

మెదడు మందగించిన మనిషి చెప్పే జవాబా అది? ఆ రోజూ అక్కడే ఆగాడు. మూడో నెలా అక్కడే. మూడుసార్లు నేను ముప్పై ఆరు, ఒకటి అనే చెప్పాను. మొదటిసారి అబద్ధమాడిన దాన్ని రెండోసారి నిజం ఎట్లా చెప్పేది? ప్రతిసారీ ఒకే చోట తప్పడం చాలా విశేషమని డాక్టరు మెచ్చుకున్నాడు.

మూడో నెల చివర ఒక కాగితం ఇచ్చారు. ధర్మవరంలో ఇల్లు నడిపే మా అన్నకు దాన్ని చదివి తెలుగు చేసి చెప్పింది కూడా నేనే. మనసు నిలకడ తగ్గింది, లెక్క నిలవడం లేదు, లెక్కతో కూడిన పని చేయించకూడదు అని ఉంది. అన్న చెడ్డవాడు కాడు. పాత పడుగుకు కొత్త పడుగు అతికేది నాయనే. వేల పోగులు, ఒక్కొక్కటి చేత్తో మెలివేయాలి, ఒక్కటి తప్పితే చీర పొడుగునా కనపడుతుంది. మరుసటి రోజు అన్న ఆ పనిని మా వదినకు అప్పగించాడు.

"నా చేతులకేమొచ్చిందిరా?" అని నాయన అడిగాడు.

"చేతులకు కాదు నాయనా. తలకని రాసినారు. చెల్లెలే చదివె కదా."

నాయన నా వైపు తిరిగాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో కూడా.

ఆ తర్వాత ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను పుట్టింటికి పోయినప్పుడల్లా మా పాపను ఒళ్లో పెట్టుకుని, దాని వేళ్లు పట్టుకుని ఎంచడం నేర్పేవాడు. కొన్నాళ్లకు పగలు నిద్ర, రాత్రి మెలకువ అయింది. ఇంకొన్నాళ్లకు నన్ను చూసి వాళ్లమ్మ అనుకున్నాడు. అప్పుడు అందరూ, చూశారా, డాక్టరు ముందే కనిపెట్టాడన్నారు. నిజమే కావచ్చు. మసి కాగితం మీద గీతలు నెలనెలకూ దూరమవుతుండడం నేనూ చూశాను. నెత్తురులో విషం పెరుగుతూనే ఉండింది. కానీ ఆయన దగ్గర నుంచి మగ్గం తీసేయకపోతే ఆ తల ఇంకెన్నాళ్లు నిలిచేదో ఏ డ్రమ్ము మీదా గీయలేదు. జబ్బు ఎంత తీసుకుందో, నేనెంత తీసుకున్నానో నాకు తెలియదు. ఆయన పోయి రెండేళ్లయినా తెలియలేదు.

ఆయన పోయాక డాక్టరు తన వ్యాసం అచ్చుప్రతి పంపాడు. నా సాయానికి కృతజ్ఞతలు రాశాడు. పట్టు నేసే ఒక రోగి ముప్పై ఆరు దాటి లెక్క సాగించలేకపోయాడని అందులో ఒక వాక్యం ఉంది. అప్పుడు జాబు రాశాను, లాభం దగ్గర నుంచి అంతా వివరించి. ఆయన మర్యాదగానే బదులిచ్చాడు. ఆసక్తికరమైన ఆచారమట. ఒక్క రోగి జవాబుతో మొత్తం ఫలితం మారదట.

ఇప్పుడు నా భయమంతా పాప మీద. రోజూ నిద్రలేవగానే దాని ముఖం చూస్తాను, మడమ నొక్కి చూస్తాను. "ఎందుకే దాన్ని గిచ్చుతావు?" అని బడిపంతులైన మా ఆయన విసుక్కుంటాడు.

మొన్న ఆయనే పలక మీద ఏడు వేసి, "ఇదేమి?" అని అడిగాడు. పాప నా వైపు చూసింది. "ఆరున్నొకటి," అంది.

ఆయన పకపకా నవ్వాడు. "ఎవరే నీకీ తప్పు నేర్పింది?"

"తప్పు కాదు," అన్నాను. ఆ మాట ఇంత తేలికగా వచ్చేదని నాకు తెలియదు. "ఏడునే అట్లా అంటారు. దానికి అర్థముంది."

"సరే, ఉండనీలే. దానికింత కోపమెందుకు?" అని ఆయన పలక తుడిచి ఎనిమిది వేశాడు.