కాలరమ్మ, డ్రమ్ముల పెద్దాయన

అరవై మూడో ఏట కాలరమ్మకు మనసు చెదిరిందని లాండ్రీ అంతా చెవులు కొరుక్కుంది. మధ్యాహ్నం తిండి డబ్బా మూత కూడా తీయకుండా సినిమా హాలుకు పరుగెత్తుతోందట. తెర మీద పాడే ఒక జులపాల ముసలాయనకు చెయ్యి ఊపుతోందట. మొదట చెప్పినవాడు హాలు గేటు మనిషి.

"నా కళ్లతో చూశానండీ! ముందు వరుసలో ఒక్కతే కూర్చుంది. ఆయన అటు పాడటం, ఈవిడ ఇటు ఇలా ఇలా ఊపడం!" అని చెయ్యి తిప్పి మరీ చూపించాడు.

ఆ ఊపు సాయంత్రానికి ముద్దు విసరడమైంది. మర్నాటికి ఆయనకు ఉత్తరం రాయించడం దాకా పోయింది.

కాలరమ్మ అసలు పేరు లాండ్రీలో ఎవరికీ గుర్తు లేదు. చొక్కా కాలరు నలగకుండా, మెరవకుండా, రెండు కొనలూ కవల పిల్లల్లా ఉండేట్టు ఇస్త్రీ చేయడంలో ఆమెకు సాటి లేదు గనుక ఆ పేరు పడింది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని చేసే గది రోడ్డు మట్టానికి దిగువన ఉంటుంది. పైన ఉన్న కిటికీల్లోంచి నడిచేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. నాలుగు ఇస్త్రీ బల్లలు. కిటికీ కింద వెలుతురు పడే బల్ల ఆమెది. దాని అంచున ఆమె పొట్ట ఆనే చోట రంగు పోయి చెక్క నున్నబడింది.

ఆరు నెలలుగా ఆమె కుడి మణికట్టు మాట వినడం లేదు. పొద్దున్నే చెంబెత్తితే వేళ్లు వదిలేసేవి. కోడలికి చెప్పలేదు, పనిలో అసలే చెప్పలేదు. కానీ ఎంతకాలం దాగుతుంది? ఒక నెలలో రెండు చొక్కాలు మాడాయి. ఆ సోమవారం పొద్దున యజమాని ఆమె బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, అందరికీ వినబడేట్టే చెప్పాడు.

"పెద్దమ్మా, చేసింది చాలు. వచ్చే సోమవారం నుంచి మడతల బల్ల దగ్గర కూర్చో. ఇది కొత్తమ్మాయికి ఇస్తాను."

"చెయ్యి కాస్త పట్టేసింది బాబూ, అంతే. సర్దుకుంటుంది."

"సర్దుకుంటే మంచిదే. మడతలకు ఆ మాత్రం చెయ్యి చాలు కదా."

మడతల బల్ల అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. అక్కడ కూర్చున్నవాళ్లెవరూ ఏడాది తిరిగేలోపు పనిలో మిగల్లేదు. నెల కిందట చేరిన కొత్తమ్మాయి నేల చూపులు చూసింది. కాలరమ్మ ఇస్త్రీ పెట్టె మళ్లీ పట్టుకుంది. ఆ బల్ల ముందు నిలబడితేనే ఆమె కాలరమ్మ. అది పోతే ఎవరో ఒక ముసలావిడ.

ఆ మధ్యాహ్నమే సినిమా హాలు పనివాళ్ల కోట్లు ఇచ్చిరమ్మని ఆమెను పంపారు. హాలు పక్క భవనమే. సంతకం పెట్టాల్సిన మేనేజరు భోజనానికి వెళ్లాడు.

"లోపల కూర్చోండమ్మా, చల్లగా ఉంటుంది. జనం లేరులెండి. ఎవరో విదేశీ పాటగాళ్లు మైదానంలో కచేరీ చేస్తే తీసిన సినిమా. ఈ వారమంతా మధ్యాహ్నం ఆట అదే" అన్నాడు గేటు మనిషి.

చీకట్లో తడుముకుంటూ వెళ్లి ముందు వరుసలో కూలబడింది. ఆ క్షణమే తెర వెలిగింది, శబ్దం విరుచుకుపడింది. గుండె గుభేలుమంది. కుర్చీ చేతులు వణుకుతున్నాయి. పక్కటెముకల్లో ఎవరో లోపలినుంచి తలుపు బాదుతున్నట్టుంది.

తెర మీద సంధ్యవేళ ఒక మైదానం. కెమెరా ఆకాశంలోంచి కిందికి దిగుతోంది. ముందు పొగమంచులా ఏదో కదిలింది. దిగుతున్న కొద్దీ అది జనమైంది. అంతమంది మనుషులు ఒక్కచోట ఉంటారని ఆమె ఏనాడూ ఊహించలేదు. ఆ జనం చివర, నాలుగు అంతస్తుల మేడంత వేదిక మీద, అగ్గిపుల్లల్లా నలుగురు ముసలాళ్లు. కెమెరా దగ్గరికి పోయింది. పాడేవాడి మెడ ముడతలు పడి ఉంది. జులపాలు చెమటకు అతుక్కున్నాయి. ఆయనను చూడగానే ఆమెకు ముందు కనబడింది కాలరు. ఒక కొన పైకి లేచింది, ఒకటి లోపలికి మడిచిపోయింది. ఇంత పెద్ద కచేరీకి ఇలాంటి చొక్కా వేసి పంపింది ఎవరో అని నొచ్చుకుంది కూడా.

ఆ నొచ్చుకోవడం ఎక్కువసేపు నిలవలేదు. గిటారు ఆయన వేళ్లు అల్లం కొమ్ముల్లా కణుపులు తేలి ఉన్నాయి. అవి తీగల మీద పడగానే మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది. ఒక పాట మధ్యలో పాడేవాడు ఆగిపోయాడు. మర్చిపోయాడేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన నవ్వుతూ మైకు జనం వైపు తిప్పాడు. మిగతా పాట ఆ జనమే పాడింది, చివరి మాట వరకూ. ఆమెకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా ఒళ్లు జలదరించింది, కళ్లు నిండాయి. ఎందుకో తెలియక కొంగుతో తుడుచుకుంది.

అప్పుడు చూసింది ఆయన్ని. అందరికంటే వెనక, డ్రమ్ముల మధ్య, తెల్ల జుట్టు, కళ్లజోడు, మణికట్టుకు గుడ్డ పట్టీ. కిందంతా పిడుగులు పడుతుంటే ముఖం మాత్రం పేపరు చదువుకుంటున్నట్టు ప్రశాంతంగా ఉంది. భుజాలు కదలడం లేదు. కెమెరా పైనుంచి ఆయన చేతులను తెర నిండా చూపించింది. ఒక్కో వేలూ ఒక్కో మనిషంత. కాలరమ్మ నోరు వెళ్లబెట్టింది. ఆ పిడికిలి తెరుచుకుని ఉంది! కర్ర దానంతట అది కిందపడి, డ్రమ్ము మీంచి దానంతట అది లేస్తోంది. లేచినదాన్ని ఆ వేళ్లు దారి తప్పకుండా చూసుకుంటున్నాయి, అంతే. అంత మోత ఆ వదులు చేతుల్లోంచి వస్తోంది.

బయటికి వచ్చాక గేటు మనిషిని అడిగింది.

"ఆయనకెన్నేళ్లు బాబూ?"

"అందరూ డెబ్బై దాటినవాళ్లేనమ్మా. యాభై ఏళ్లుగా ఒకే జట్టు. ఏం, బాగున్నాడా?" అని కన్ను గీటాడు.

ఆమె సిగ్గుపడింది. ఆ సిగ్గుతోనే కొంప మునిగింది.

మంగళవారం మళ్లీ వెళ్లింది. చీకట్లో కుడిచెయ్యి ముందుకు చాపి, ఆయన వేళ్లు ఎలా తెరుచుకుంటే అలా తెరిచింది. తిరిగొచ్చి బల్ల దగ్గర అలాగే చేయబోతే పెట్టె చేజారి, నేలకు తగిలి, గది మొత్తం ఉలిక్కిపడింది.

"కాలు మీద పడలేదు కదా పెద్దమ్మా?" అంటూ కొత్తమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మిగిలినవాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ఇక ఆ చెయ్యి అయిపోయిందని వాళ్ల లెక్క. ఆమెకూ అలాగే అనిపించింది.

అయినా బుధవారం వెళ్లింది. ఈసారి పాట వినలేదు, చేతులు మాత్రమే చూసింది. ఆయన అన్ని వేళ్లూ వదలడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుంటున్నాయి, మిగతా మూడూ వెంట నడుస్తున్నాయి. దొరికింది కదా అని చీకట్లో తనలో తను నవ్వుకుంది.

ఇంటికి వెళ్లేసరికి వార్త తనకంటే ముందే చేరింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి, ఎవరాయన?" అంది కోడలు, నవ్వు ఆపుకుంటూ. "ఇంటికి పిలవండి, మేమూ చూస్తాం."

"నాన్నకంటే అందగాడా అమ్మా?" అన్నాడు కొడుకు.

"పోరా! ఆ కాలరు చూశావా? మీ నాన్నను ఒక్కరోజైనా అలా బయటికి పంపానా నేను?"

"అమ్మో, కాలరు దాకా చూశారన్నమాట!" అంది కోడలు.

గురువారం బల్ల ముందు రెండు వేళ్లతో పట్టుకుని, మూడు వేళ్లు వదిలి, భుజం దించేసింది. పెట్టె దానంతట అది సాగింది. వెనక ముడత లేదు! అప్పుడు తెలిసింది ఆమెకు. పూర్వం అక్కడ తేలిక పెట్టెలుండేవి, ఒళ్లంతా వేసి నొక్కితే గానీ ముడత పోయేది కాదు. ఎనిమిదేళ్ల కిందట బరువైన ఆవిరి పెట్టెలు వచ్చాయి. పెట్టెలు మారాయి గానీ చేతులు మారలేదు. కొత్తగా చేరినవాళ్లకు కూడా పాతవాళ్లు "బలంగా నొక్కు" అనే నేర్పారు. నేర్పినవాళ్లలో మొదటిది తనే. ఆ బరువు మీద తమ బరువు కూడా వేసి, ఎనిమిదేళ్లుగా గది గదంతా మణికట్లు విరగ్గొట్టుకుంటోంది.

శుక్రవారం హోటలు నుంచి ఎనభై చొక్కాలు వచ్చాయి. యజమాని వాటిని కొత్తమ్మాయి బల్ల మీద పెట్టబోయాడు.

"సోమవారం దాకా ఇది నా బల్లే కదా బాబూ. ఇటు పెట్టు" అంది కాలరమ్మ.

"ఎనభై ఉన్నాయి పెద్దమ్మా."

"నాకూ లెక్కొచ్చు."

సాయంత్రానికి చొక్కాలన్నీ వరసగా వేలాడాయి. యజమాని ఒక్కొక్క కాలరూ వేలితో తడుముతూ చివరిదాకా నడిచాడు. మళ్లీ మొదటికి వచ్చి ఆమె చెయ్యి వంక చూశాడు.

"మాడినవి ఎన్ని?"

"వెతుక్కో."

అతను మొదటి చొక్కాను మళ్లీ వరసలోకి సర్దాడు. "మడతల బల్ల దగ్గరికి ఇంకెవర్నైనా చూస్తాలే. అమ్మాయి ఆ తలుపు పక్క బల్ల దగ్గరే ఉంటుంది" అని పైకి వెళ్లిపోయాడు.

శనివారం ఆ సినిమాకు చివరి ఆట. గేటు మనిషి ఆ రోజు సెలవు. వీడ్కోలు చెప్పడానికి కాలరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ వెళ్లిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మధ్యాహ్నం ముందు వరుసలో కూర్చున్నవాళ్లు ఇద్దరు. రెండో ఆమె, కుడిచెయ్యి ముందుకు చాపిన ఆ కొత్తమ్మాయి.