మూడు నిమిషాల వంతు

ఆవిడ పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా బావగారు. మొన్న ఆదివారం పొద్దున్న దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ మోగింది. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే మంచు గురించి ఐదు నిమిషాలు, తన తమ్ముడైన మావారి ఆరోగ్యం గురించి ఐదు నిమిషాలు మాట్లాడితే గానీ అసలు సంగతికి రారు. ఈసారి హలో కూడా అనలేదు. "మీ అక్క పోయిందమ్మా" అన్నారు. నాకు తోడబుట్టిన వాళ్ళంతా తమ్ముళ్ళే. అయినా ఏ అక్క అని అడగాల్సిన పని పడలేదు. "ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేది కదా, ఈసారి రాలేదు. జనవరి అంతా చూశాను. మనసాగక వాళ్ళ చెల్లెలి ఇంటికి ఫోన్ చేశాను" అన్నారు. ఒకప్పుడు ఆవిడ మాట నెగ్గకూడదని ఊరంతా ఎన్నికల బోర్డులు పాతించిన మనిషి, ఆవిడ కార్డు రాలేదని బెంగపెట్టుకున్నాడంటే, అది ఎలా జరిగిందో నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

మేము న్యూజెర్సీ వచ్చింది రెండు వేల రెండులో. మావారికి స్వయానా అన్నగారైన మా బావగారు మమ్మల్ని అమెరికా రప్పించడానికి ఎన్నో ఏళ్ళ కిందట కాగితాలు పెడితే, అవి ఎక్కడెక్కడో తిరిగి, మేము ఆశ వదిలేసుకున్నాక వచ్చాయి. హైవే పక్కన ఆయనకి నాలుగు మోటళ్ళు. వచ్చిన వారానికే మావారిని ఒక మోటల్లో ఫ్రంట్ డెస్క్ మీద కూర్చోబెట్టారు. మంచాలు, కంచాలు, నా చలికోటు, దేవుడికి చిన్న మందిరం అన్నీ ఆయనే కొన్నారు. ఆ మందిరం ముందే ఇప్పటికీ నా దీపం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన మీద నాకున్న కృతజ్ఞత ఎంతటిదో తెలియకపోతే తర్వాత నేను చేసిన పొరపాటు మీకు అర్థం కాదు.

నేను చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. ఉబ్బసం మనిషినని మా నాన్నగారు ఇంట్లోనే తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు చెప్పారు. ఉత్తరం ఎలా రాయాలి, పెద్దల ముందు నిలబడి ఎలా మాట్లాడాలి అన్నవి కూడా ఆయనకి పాఠాలే. "ముందు దండం, తర్వాత క్షేమం, ఆ తర్వాతే విషయం" అనేవారు. అలా నలభై ఆరో ఏట, జీవితంలో మొదటిసారి, బడిలో అడుగుపెట్టాను. అదీ వంటింటి గుమ్మం గుండా. మా ఊరి మిడిల్ స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం పెట్టే పని. తలకి వల, చేతులకి గ్లవ్స్, నా చీర మీద వేసుకున్నా ఎవరికీ వింత అనిపించని తెల్ల ఏప్రన్.

ఆ వంటింట్లో ఆవిడ ఉంది. ఆరడుగుల నల్లజాతి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది, నవ్వితే ట్రేలు కదిలేవి. అందరూ ఆవిడని పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాలేదు. "అక్కా" అన్నాను. అంటే ఏమిటని అడిగి తెలుసుకుని, "బాగుంది, అలాగే పిలువు" అంది. నెల తిరిగేసరికి ఐరిష్ ఆవిడా, పోర్టోరికో అమ్మాయీ కూడా అక్కా అనడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన వాళ్ళు అది యూనియన్‌లో ఏదో హోదా అనుకున్నారు. హోదా ఉన్న మాట నిజమే. వంటింటి వాళ్ళందరి తరఫున యూనియన్ మనిషి ఆవిడే. స్కూళ్ళ వాళ్ళకీ మాకూ మధ్య రాసుకున్న ఒప్పందం చిన్న పుస్తకంగా అచ్చయి ఉండేది. అది ఎప్పుడూ ఆవిడ ఏప్రన్ జేబులో, అట్ట మీద టమాటా మరకలతో.

పనిలో చేరిన రెండో రోజు నన్ను బర్గర్ల దగ్గర నిలబెట్టారు. ఆ గొడ్డుమాంసం ముట్టుకోలేనని చెప్పే ఇంగ్లీషూ, ధైర్యమూ నా దగ్గర లేవు. కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే వంచిన తల ఎత్తకుండా పని చేస్తున్నాను. అక్క వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది. "నువ్వు పళ్ళ దగ్గరకి పో. ఇది నాది" అంది. మేనేజరు ఏదో అనబోతే జేబులోంచి పుస్తకం సగం పైకి తీసింది. అంతే, మేనేజరు వెళ్ళిపోయాడు. ఇందుకు ఆ పుస్తకంలో ఏ రూలు ఉందని తర్వాత అడిగాను. "ఏమీ లేదు. ఆయన కూడా చదవలేదు" అని ట్రేలు కదిలేలా నవ్వింది. పొద్దున్న పొయ్యిలు వెలిగించే ముందు నేను ఒక్క క్షణం కళ్ళు మూసుకునేదాన్ని. కొన్నాళ్ళకి చూస్తే పక్కన ఆవిడా కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ దేవుడికీ నా దేవుడికీ ఆ వంటింట్లో ఎప్పుడూ పేచీ రాలేదు.

నాలుగేళ్ళు గడిచాక వంటింటి మీదికి గండం వచ్చింది. ఊళ్ళో బడులు నడిపే స్కూలు బోర్డుకి తొమ్మిదిమంది సభ్యులు, ఏప్రిల్‌లో కొందరికి ఎన్నిక. ఇంటి పన్నుల్లో ఎక్కువ భాగం బడికే పోతుంది కాబట్టి, వంటింటిని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే పన్ను తగ్గుతుందని ముగ్గురు నిలబడ్డారు. వాళ్ళకి వెన్నుదన్ను ఊళ్ళోని వ్యాపారస్తులు, వాళ్ళలో ముందున్నది మా బావగారు. నాలుగు మోటళ్ళకి పన్ను కట్టే మనిషి, ఆయన బాధ ఆయనది. అటువైపు ముగ్గుర్ని యూనియన్ నిలబెట్టింది. బావగారి మోటల్ హాల్లో విందు, ఫైర్ స్టేషన్ హాల్లో యూనియన్ వాళ్ళ స్పగెట్టి భోజనం. ఊళ్ళో పలుకుబడి ఉన్న వాళ్ళు రెండు చోట్లా తిన్నారు. నేను రెండు చోట్లా పులిహోర చేశాను. మా తోటికోడలు అడిగితే కాదనలేను, అక్క అడిగితే అసలే కాదనలేను. బోర్డు సభ్యుడొకాయన స్పగెట్టి పక్కన పులిహోర చూసి, నన్ను చూసి, "మీరు ఏ పార్టీ?" అని అడిగాడు. "వంట" అన్నాను.

మా తెలుగు వీధిలో ఇంకా చిత్రం. ఇంటింటికీ తిరిగి మాట్లాడి, ఎవరు మనవాళ్ళో కాగితం మీద గుర్తు పెట్టుకోవడం యూనియన్ పద్ధతి. పౌరసత్వం ఇంకా రాక నాకు ఓటు లేకపోయినా అక్కకి తోడుగా వెళ్ళాను. ఒక్క ఇంట్లో తప్ప ఎవరింటికెళ్ళినా లోపలికి రమ్మన్నారు, కాఫీ ఇచ్చారు, ముందు గడ్డిలో యూనియన్ బోర్డు పాతుకోమన్నారు. అక్క సంబరంగా అందరికీ గుర్తులు పెట్టేసుకుంది. మర్నాడు చూస్తే కాఫీ ఇచ్చిన ప్రతి ఇంటి ముందూ బావగారి ముగ్గురి బోర్డూ ఉంది, మా ముగ్గురి బోర్డూ ఉంది. గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాదని పంపడం మావాళ్ళ వల్ల కాదు. అక్క కారాపి ఆ బోర్డుల్ని చూస్తూ, "వీళ్ళు ఎవరికి వేస్తారు?" అంది. "కాఫీ ఇచ్చిన వాళ్ళ సంగతి తెలీదక్కా. గుమ్మంలో నిలబెట్టి వాదించినాయన ఒకడున్నాడే, ఆయన మటుకు మనకే వేస్తాడు" అన్నాను. అద్దెకున్న మా ఇంటి ముందు కూడా రెండు బోర్డులూ ఉన్నాయి. అక్క చూసింది. మా బోర్డు కాస్త వంగి ఉంటే నిలబెట్టి వెళ్ళింది.

నాకు మాత్రం అది పన్నుల గొడవ కాదు. మావారి గుండెకి జూలైలో ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి ఉన్నారు. మోటల్ ఉద్యోగంలో ఇన్సూరెన్స్ లేదు. మా ఇద్దరికీ ఉన్నది నా వంటింటి పని మీద వచ్చేదే. వంటిల్లు కంపెనీకి పోయి జూన్‌తో మమ్మల్ని తీసేస్తే ఆపరేషన్ లేదు. ఈ సంగతి బావగారికి చెప్పలేదు. అక్కకి చెప్పాను.

"బోర్డు మీటింగులో చెప్పు" అంది అక్క. ఎన్నికకి ముందే, మార్చి మీటింగులో, కంపెనీకి ఇవ్వాలా వద్దా అని బోర్డు తేల్చబోతోంది. అక్కడ ఎవరైనా మైకు ముందు మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. టేబుల్ మీద ఒక పెట్టె ఉంటుంది. ఆకుపచ్చ లైటు వెలిగితే మొదలుపెట్టాలి, పసుపు వెలిగితే ముగించుకోవాలి, ఎరుపు వెలిగితే ఆపేయాలి. నేను ఇంగ్లీషులో రాసుకున్నాను. పని అయ్యాక వంటింట్లో అక్క గుడ్లు ఉడకబెట్టే టైమర్ పెట్టి నాతో చదివించేది. ఎప్పుడు చదివినా మూడు నిమిషాలకి పది సెకన్లు మిగిలేవి. "నాకంటే నువ్వే నయం" అనేది అక్క. తన ఉపన్యాసం తను రాసుకుంది, నా తర్వాతి వంతు తనదే.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. ఎదురుగా ఎత్తు మీద తొమ్మిదిమంది. ముందు వరసలో మా బావగారు, కోటు వేసుకుని. నా పేరు పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. ఆకుపచ్చ లైటు వెలిగింది. వంటింట్లో చదివినప్పుడు ఎదురుగా టైమరూ అక్కా తప్ప ఎవరూ లేరు. ఇక్కడ పెద్దలున్నారు. నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. అధ్యక్షులవారికి నమస్కారం చెప్పాను. సభ్యులకి, పేరుపేరునా. సూపరింటెండెంటు గారికి. సభకి వచ్చిన వారికి. ఆగితే బాగుండేది. కానీ బావగారు అక్కడే ఉన్నారు. ఆయన్ని వదిలేసి ఆయనకి ఎదురు మాట్లాడితే మా నాన్నగారి ఆత్మ ఏమనుకుంటుంది? మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చిన వారనీ, చలికోటు కొనిపెట్టిన వారనీ, మందిరం సంగతీ, అన్నీ చెప్పాను. బావగారు నేలచూపులు చూస్తున్నారు. పసుపు లైటు వెలిగింది. గబగబా కాగితం విప్పి "జూలైలో నా భర్తకి" అన్నాను. ఎరుపు. "థాంక్యూ మేడమ్" అన్నారు అధ్యక్షులు.

నేను కృతజ్ఞత చెబుతూ నా భర్త ప్రాణం వదిలేశాననిపించింది. అప్పటికే అక్క మైకు దగ్గరికి వచ్చింది. నా భుజం పట్టుకుని కదలనివ్వలేదు. "తర్వాతి వంతు నాది. నా మూడు నిమిషాలు ఈవిడకి ఇస్తున్నాను" అంది. అధ్యక్షులు బోర్డు లాయరు వైపు వంగారు. ఎవరికీ అభ్యంతరం లేకపోతే సరేనన్నాడు లాయరు. బావగారి పక్షం సభ్యుడొకాయన చెయ్యి ఎత్తబోతూ ముందు వరస వైపు చూశాడు. బావగారు తల ఎత్తి, అడ్డంగా ఊపారు. చాలా చిన్నగా. ఆ చెయ్యి దిగిపోయింది. డబ్బున్న మనిషి మాటకి అమెరికాలో ఎంత బరువుందో అప్పుడు చూశాను. ఆ బరువు ఆ రోజు నా వైపు పడింది.

మళ్ళీ ఆకుపచ్చ. ఈసారి దండాలు లేవు. ఆపరేషన్ సంగతి చెప్పాను. ఏ పిల్లకి వేరుశనగ పడదో, ఎవరు డబ్బులు తేలేదని అన్నం మానేస్తారో మాకు ముఖాలు చూస్తే తెలుసని చెప్పాను. రేపు వచ్చే కంపెనీ వాళ్ళకి ఆ ముఖాలు ఎవరు అప్పగిస్తారని అడిగాను. పది సెకన్లు మిగిలాయి.

ఐదుగురు వంటింటిని ఉంచాలన్నారు, నలుగురు వద్దన్నారు. ఏప్రిల్ ఎన్నికలో బావగారి వాళ్ళు ఇద్దరు గెలిచారు, మావాడు ఒకడు గెలిచాడు. వంటింటి జోలికి మాత్రం మళ్ళీ ఎవరూ రాలేదు.

మీటింగు అయిన రోజు బయట పార్కింగ్ లాట్‌లో బావగారు మా కోసం నిలబడి ఉన్నారు. "నా మీదికి యుద్ధానికొచ్చి ముందు నాకే దండం పెట్టావేమ్మా! ఇంక నేనేం చెయ్యను?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆపరేషన్ సంగతి నాతో చెప్పకూడదా? నేను లేనా?" అన్నారు.

"చెబితే మీరు డబ్బిస్తారు బావగారూ. అందుకే చెప్పలేదు."

అక్క నా మోచెయ్యి పొడిచి ఏమంటున్నారని అడిగింది. చెప్పాను. "ఆయన ఇస్తే ఆయన మంచితనం. ఒప్పందంలో ఉంటే నీ సొంతం. రోజూ ఒకరికి దండం పెట్టక్కర్లేదు" అంది ఆయన ముఖం మీదే. బావగారు ఆవిడని కిందినుంచి పైదాకా చూసి, "తల్లీ, నువ్వు నా మోటళ్ళ వైపు మాత్రం రాకు" అన్నారు ఇంగ్లీషులో. "వచ్చే వారం వస్తాను" అంది అక్క. ఇద్దరూ నవ్వారు. ఆ డిసెంబర్‌లో ఆయనకి అక్క దగ్గర్నుంచి మొదటి క్రిస్మస్ కార్డు వచ్చింది. మరుసటి ఏడు మోటళ్ళలో పూర్తికాలం పనిచేసే వాళ్ళకి బావగారు ఇన్సూరెన్స్ పెట్టారు. యూనియన్ రాకుండా ఉండటానికే పెట్టానని ఇప్పటికీ చెబుతారు. అలా చెప్పుకోవడం ఆయనకి ఇష్టం, నేను తల ఊపుతాను.

మావారికి జూలైలో ఆపరేషన్ అయింది. ఇవాళ పొద్దున్న కూడా కాఫీలో పంచదార చాలలేదని నాతో తగువు పెట్టుకున్నారు. అక్క ఆ తర్వాత రెండేళ్ళకి రిటైరయింది. లాకర్ ఖాళీ చేస్తూ ఆ ఒప్పందం పుస్తకం నాకిచ్చింది. ఇంటికొచ్చి తెరిస్తే లోపల మడతపెట్టిన కాగితం. ఆ రోజు తను చదవాల్సిన ఉపన్యాసం. తన మోకాళ్ళ నొప్పి గురించి, ఇంకా రెండేళ్ళు చేస్తే తప్ప పూర్తి పెన్షన్ రాదన్న సంగతి గురించి ఉంది. నా భర్త ప్రాణంతో పాటు ఆవిడ ముసలితనం కూడా ఆ సాయంత్రం ఆ హాల్లోనే ఉందన్నమాట. నాకు ఒక్క మాటా చెప్పలేదు. ఫోన్ చేసి ఏడిచాను. "నువ్వు దండాలు మొదలుపెట్టగానే నా కాగితం మడతపెట్టేశాను. ఇంక నా వంతు రాదని తెలిసిపోయింది" అని నవ్వింది.

బావగారు కబురు చెప్పిన రోజున ఆ కాగితం తీసి, దీపం ముందు కూర్చుని పైకి చదివాను. ఎవరూ వినని ఉపన్యాసం కనీసం దేవుడైనా వినాలి కదా. సరిగ్గా మూడు నిమిషాలు పట్టింది. ఇన్నేళ్ళూ మావారితో నేను గడిపిన కాలమంతా ఆవిడ నాకిచ్చిన ఆ మూడు నిమిషాల్లోంచి వచ్చిందే. ఇది చదివిన వాళ్ళు నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎప్పుడైనా, ఎక్కడైనా మీ వంతు వచ్చి మైకు ముందు నిలబడితే, మొదలుపెట్టే ముందు మా అక్కని ఒక్కసారి తలుచుకోండి. తన వంతు తను ఎప్పుడూ మాట్లాడలేదు.