నా విషాద నవలకు వచ్చిన స్తోత్రాలు

2019 మే 12, ఆదివారం, ఉదయం పదకొండున్నర. ఆ రోజుల్లో, కన్నీరు లేనిది సాహిత్యం కాదని నాకు గట్టి నమ్మకం. మా సవర గిరిజన కుటుంబంలో నేనే తొలి పట్టభద్రుణ్ణి. పలాసలో చిన్న ఉద్యోగం. ఎవరైనా ఊరు అడిగితే కొండ మీది మా ఊరి పేరు మింగేసి, కొండ కిందున్న పెద్ద ఊరి పేరు 'మందస' అనేవాణ్ణి. అలా అంటూనే, అద్దె గదిలో కూర్చుని, చనిపోయిన మా తాత గురించీ, అంతరించిపోతున్న మా అస్తిత్వం గురించీ ఒక నవల రాశాను. (అస్తిత్వం అనే మాట మొదటి అధ్యాయంలోనే పద్నాలుగుసార్లు వచ్చింది.) అచ్చుకు ఇవ్వాలంటే మామ్మ సమ్మతి కావాలి, తాత ఆమె మనిషి, ఆమె కాదంటే నవల పెట్టెలోనే. ఆమెకు చదువు రాదు కనుక, మా ఊరి క్రైస్తవ ప్రార్థన మందిరంలో, దేవుడు చేసిన మేళ్లను సాక్ష్యాలుగా చెప్పే వేళ చివరి అధ్యాయం చదివి వినిపిస్తానని సంఘపెద్దను వేడుకున్నాను.

నేను మరచినదొక్కటే. మా సంఘంలో సాక్ష్యం చెప్పేవారు ఎక్కడ ఆగితే అక్కడ అందరూ 'స్తోత్రం' అంటారు. నేనేమో శోకరసం పండాలని వాక్యం వాక్యానికీ ఆగుతూ చదివాను. 'జీడితోట అంచున తాత మౌనంగా కూర్చున్నాడు.' స్తోత్రం. 'ఆ కన్నీటిని కొండ చూడలేదు.' స్తోత్రం. 'తాత ఊపిరి ఆగిపోయింది.' ఈసారి వెనక వరుసల నుంచి కూడా, మరింత గట్టిగా. కాగితాలు మడిచి వేదిక దిగబోతుంటే సంఘపెద్ద చెయ్యి అడ్డుపెట్టారు.

"సాచ్చెం అలగ మజ్జిలో ఒగ్గీకూడదు బాబూ. తరవాతేటయిందో సెప్పు."

తరవాత ఏమీ లేదని, అది విషాదాంతమని మనవి చేశాను. అప్పుడు చాప మీద నుంచి మామ్మ లేచింది.

"మీ తాత మౌనంగా కూకున్నాడా? నిద్దట్లో కూడా నోరు ముయ్యనోడు. కొండ మీదున్నోడు కొండ కోసం ఎందుకేడుత్తాడు? పలాసలో మందసోణ్ణని సెప్పుకు తిరిగినోడివి నువ్వు కాదేటి?"

మందిరమంతా నవ్వింది. (ఈ సంగతి ఆమెకు ఎవరు చేరవేశారో నేటికీ తెలియదు.) ఆ సాక్ష్యాన్ని ఆమే పూర్తి చేసింది. డాక్టరు వద్దన్న పనసతొనలను తాత దిండు కింద దాచుకున్నాడట. వాసన పట్టి ఆమె నిలదీస్తే, పరలోకం దగ్గరపడిందనీ అది అక్కడి వాసనేననీ బుకాయించాడట. ఆఖరి రోజున ఆఖరి తొన ఆమె చేతిలో పెట్టి, "నువ్వూ తినీ, ఇద్దరం దొరికిపోదుం" అన్నాడట. నవ్వుతున్నవాళ్లు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. స్తోత్రం అనడం అందరూ మరచిపోయారు. చివరికి నేనే అన్నాను.

అంత శ్రద్ధగా ఏడవబోయిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. చివరి అధ్యాయం తీసేసి మామ్మ చెప్పినదే రాశాను. ఆమె సమ్మతించింది, నవల అచ్చయింది. ఇప్పుడు ఎవరు అడిగినా మందస అనను, మా కొండ ఊరి పేరే చెబుతాను.