మూడు పిలుపుల ప్రవోతో

పాక్ ప్రవోతోకి, అంటే ప్రవోతోగారికి, ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏదైనా ఖాళీగా ఉందంటే ఆయన నమ్మరు. కుర్చీ కావచ్చు, బస్సులో సీటు కావచ్చు, స్నానాలగది కావచ్చు, దాని ముందు నిలబడి మూడుసార్లు "కులోనువున్" అని పిలవాలి. మధ్యమధ్య ఆగి చెవి పెట్టాలి. లోపలి నుంచి ఎవరూ "మొంగ్గో, రండి" అనలేదని రూఢి కావాలి. అప్పుడు గాని అది ఖాళీ కింద లెక్క కాదు.

ఆ మాటలో వింతేమీ లేదు. జావాలో ఎవరి గుమ్మం ముందైనా నిలబడి ఇంట్లోవాళ్ళని పిలిచే మాటే అది. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే తిరిగి వెళ్ళిపోవడం మర్యాద. అందరూ చేసేదే. కాకపోతే అందరూ ఇళ్ళ ముందు చేస్తారు, పాక్ ప్రవోతో కుర్చీల ముందు చేస్తారు.

బస్సెక్కితే ఖాళీ సీటు ముందు నిలబడి మొదటి పిలుపు పిలుస్తారు. రెండో పిలుపు పూర్తయ్యేలోపు ఏ కోళ్ళబుట్టావిడో వచ్చి అందులో కూలబడుతుంది. "చూశావా, ఖాళీ కాదు" అని పక్కవాళ్ళతో అంటారు, తన అనుమానం నిజమైనందుకు ఎంతో తృప్తిగా. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన బస్సులో కూర్చుని వచ్చిన రోజు లేదు.

క్యాంటీన్లో పళ్ళెంలో వేయించిన సోయాగింజల తెంపే ముక్క ఆఖరిది మిగిలితే దాన్నీ పిలుస్తారు. మూడో పిలుపు వరకు ఆ ముక్క ఆగిన దాఖలా లేదు. పోయినేడు దవడపన్ను పీకించుకున్నప్పుడు, పన్ను ఉన్నచోట నాలుక పెట్టి మూడుసార్లు పిలిచాకే డాక్టరుకి కృతజ్ఞతలు చెప్పారని డ్రైవరు తుగిమిన్ కథగా చెబుతాడు. తుగిమిన్ మాటల్లో సగమే నిజం, కాని ఏ సగమో ఎవరికీ తెలియదు.

ఇలాంటి మనిషికి సర్కారు ఏ ఉద్యోగం ఇచ్చిందనుకున్నారు? గాలిలో ఏ తరంగం ఖాళీగా ఉందో చూసి, "ఖాళీ" అని సంతకం పెట్టే ఉద్యోగం.

ఆ కార్యాలయంలో విదూరి చేరి ఎనిమిది నెలలైంది. ఇంజనీరింగులో మంచి మార్కులు తెచ్చుకుని, చేతికి వచ్చిన పని చకచకా ముగించే అమ్మాయి. ఆమె చేతికి వచ్చిన మొదటి పెద్ద ఫైలే పాక్ ప్రవోతో సంతకం దగ్గర ఆగిపోయింది.

సంగతేమిటంటే, పాత పద్ధతి టీవీ ప్రసారాలను ప్రభుత్వం ఆపేసింది. ఇన్నేళ్ళూ ఆ టీవీలు కాళ్ళు చాపుకుని కూర్చున్న తరంగాల్లో పైవరసంతా ఖాళీ చేయించి, ఫోన్లలో ఇంటర్నెట్‌కి ఇచ్చేశారు. జనం అడిగే ఇంటర్నెట్ ఏటికేడు పెరుగుతోంది, పాత చోటు చాలడం లేదు. పైగా ఈ తరంగాలు కొండ మలుపులు తిరిగి, గోడలు దూరి మరీ వెళ్తాయి. కరంగ్‌వారు లాంటి కొండ ఊళ్ళకి అదే కావాలి. ఆ ఊరి మంత్రసాని అంబులెన్సుని పిలవాలంటే ఇప్పటికీ కాన్పు మధ్యలో వదిలి సున్నపురాళ్ళ గుట్ట ఎక్కాలి.

టవర్లు లేచి నిలబడ్డాయి. ఫోన్ కంపెనీ సిద్ధంగా ఉంది. గురువారం మధ్యాహ్నం పన్నెండులోగా ఇక్కడి నుంచి "ఖాళీ" అన్న కాగితం వెళ్ళకపోతే, ఈ కొండ ఊళ్ళన్నీ వచ్చే ఏడాది జాబితాలోకి జారిపోతాయి. ఈలోపు ఎన్ని కాన్పులు జరుగుతాయో ఎవరికి తెలుసు. ఆ సోమవారం ఉదయం ఆఫీసు పెద్ద పాక్ హెర్మావన్ విదూరిని పిలిచి, "ఆ సంతకం తీసుకురా. ఎలా తెస్తావో నాకు చెప్పొద్దు" అన్నారు.

విదూరి ఫారం పట్టుకుని వెళ్ళింది.

"పాక్, సర్వే చేసిన కాగితం ఉంది. నలభై తొమ్మిదో చానెల్ దగ్గర్నుంచి పైదాకా తెరమీద అంతా శుభ్రంగా ఉంది. గీత లేవలేదు."

"ఎప్పుడు చేశారమ్మా సర్వే?"

"పోయిన రంజాన్ ఉపవాసాల నెలలో."

పాక్ ప్రవోతో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఉపవాసాల నెలలో మన జిల్లాలో ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయి?"

"ఆ నెలలో పెళ్ళిళ్ళు ఎవరు చేస్తారు పాక్?"

"తోలుబొమ్మలాటలు?"

"అవీ ఉండవు."

"పాటకచేరీలు? సంతలో సబ్బులమ్మేవాడి ఉపన్యాసం?"

విదూరికి అప్పుడు వెలిగింది. తీగ లేని మైకులు. పెళ్ళిలో, కచేరీలో, బొమ్మలాటలో, అన్నిచోట్లా అవే. టీవీల మధ్య సందుల్లో దూరి ఏళ్ళ తరబడి పనిచేస్తున్న చవకరకం మైకులు. ఏడాదిలో ఒక్క నెల ఊరూరా అవి పెట్టెల్లో పడుకుంటాయి. సరిగ్గా ఆ నెలలో సర్వే చేసి, ఊరంతా నిద్రపోతుంటే ఊళ్ళో ఎవరూ లేరని రాసుకొచ్చారు.

"ఆ సర్వే చేసిందెవరు పాక్?"

"మన పెద్దాయనే. ఉపవాసం కదా, ఎండెక్కకముందే తిరిగొచ్చేశారు పాపం."

కిందటి మూడు వారాలుగా పాక్ ప్రవోతో రోజూ మధ్యాహ్నం బండి వేసుకుని ఊళ్ళమీద పడి టీలు తాగి వస్తున్నారని ఆఫీసంతా అనుకుంటోంది. విదూరి కూడా అదే అనుకుంది. ఈసారి ఆమె కూడా బండెక్కింది. ఇంకొక్క మైకే మిగిలిందట, యాభై రెండో చానెల్లో, కరంగ్‌వారు వైపు.

బండి నెత్తిన దిక్కులు పసిగట్టే యాంటెన్నా, లోపల తెర. సాయంత్రం నాలుగింటికి తెరమీద సన్నటి గీత ఒకటి లేచి నిలబడింది. విదూరి తెర మీదికి వంగింది. "దొరికింది పాక్. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. తుగిమిన్ అన్నా, పోనీ."

"నెమ్మదిగా పోనీ. ప్రతి మలుపులో హారన్ కొట్టు" అన్నారు పాక్ ప్రవోతో.

తుగిమిన్ కొట్టాడు. మలుపు లేనిచోట కూడా కొట్టాడు. నాలుగో హారన్‌కి తెరమీద గీత పడిపోయింది. ఊళ్ళోకి వెళ్ళేసరికి గాలి ఎంత శుభ్రంగా ఉందో వీధులూ అంత శుభ్రంగా ఉన్నాయి. పాక్ ప్రవోతో యాంటెన్నా చూపిన దిక్కున ఒక చెక్క ఇంటి ముందు నిలబడి, మూడుసార్లు పిలిచి, ఒక్కో పిలుపు మధ్య ఒక సిగరెట్టు కాలేంత సేపు ఆగి, తిరిగొచ్చి బండెక్కారు.

"ఎవరూ లేరమ్మా. రేపొద్దాం."

"లోపల దగ్గు వినిపించింది పాక్."

"ఆఁ, వినిపించింది. దగ్గు 'మొంగ్గో' కాదుగా."

మంగళవారమూ అంతే. హారన్లు, గీత పడిపోవడం, మూడు పిలుపులు, దగ్గు, తిరుగుప్రయాణం. ఈసారి విదూరి ఓపిక చచ్చిపోయింది.

"ఏమిటి పాక్ ఇది? దొంగని పట్టుకోవడానికి వెళ్తూ డప్పు కొట్టుకుంటూ వెళ్తామా?"

"దొంగెవరమ్మా?"

"లైసెన్సు లేకుండా తరంగం వాడేవాణ్ణి ఏమంటారు?"

"ఈ రోజు మంగళవారం. ఈ రోజుకి అతన్ని ఏమీ అనరు" అన్నారాయన. అని కిటికీలోంచి టేకుచెట్లు చూస్తూ కూర్చున్నారు. ఈ మనిషి మూలంగా ఒక కొండ మొత్తానికి సంవత్సరం పోతుందని విదూరికి ఒళ్ళు మండిపోయింది. తుగిమిన్ మాత్రం పాట అందుకున్నాడు.

బుధవారం పాక్ ప్రవోతో మొదటి పిలుపు పిలుస్తుంటే ఆమె బండిలోనే కూర్చుని, ఏం తోచక ఆయన సీట్లో వదిలి వెళ్ళిన ఫారం తిరగేసింది. వెనకవైపు ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో రెండు పేరాలు ఉన్నాయి.

ఒకటి: సంతకానికి ముందు, తనంతట తాను ముందుకు వచ్చి చెప్పుకున్నవాడు పాత వాడకందారు. కొత్తగా వచ్చే కంపెనీ అతనికి అనుమతి ఉన్న వేరే తరంగం మీద పనిచేసే పరికరం ఉచితంగా ఇచ్చి, పక్కకి జరిపించాలి. రెండు: సంతకం తర్వాత దొరికినవాడు, లేదా ఎప్పుడైనా సరే ప్రసారం చేస్తుండగా బండికి చిక్కినవాడు, అక్రమదారు. పరికరం స్వాధీనం, కేసు.

ఆ కింద పాక్ ప్రవోతో ముత్యాల్లాంటి అక్షరాలతో పదహారు పేర్లు రాసి ఉన్నాయి. పెళ్ళిపాటల సిసిలియా. సంతలో సబ్బుల జారోత్. మైదానంలో ఆడవాళ్ళకి వ్యాయామం నేర్పే కుస్మీరా మేష్టారమ్మ. ప్రతి పేరు పక్కనా "స్వయంగా చెప్పుకున్నారు" అని ఉంది. పదిహేడో గీత ఖాళీ.

విదూరి తల తిప్పి వెనక సీటు వైపు చూసింది. రోజూ కాళ్ళకి అడ్డం వస్తోందని తిట్టుకుంటున్న అట్టపెట్టె మీద ఫోన్ కంపెనీ ముద్ర ఉంది.

"తుగిమిన్ అన్నా, హారన్ ఎందుకు కొట్టమంటారో నీకు ముందే తెలుసా?"

"తెలీకపోతే మలుపు లేనిచోట కొడతానా?"

బయట రెండో పిలుపు అయింది. దగ్గు. విదూరి బండి దిగి వెళ్ళి పాక్ ప్రవోతో పక్కన నిలబడింది. ఆయన మూడోసారి నోరు తెరవబోతుండగా, ఆమె గొంతు ముందు లేచింది. "కులోనువున్."

తలుపు వెనక గడియ కదిలింది. తర్వాత ముసలి గొంతు, "మొంగ్గో."

తోలుబొమ్మలాడించే ఎంబా గొందో ఆయన. ఎంబా అంటే తాతే, ఊరందరికీ. గోడకి బొమ్మలు, బల్లమీద మైకు, మైకుమీద బాతిక్ గుడ్డ. పిల్లి మీద గుడ్డ కప్పి పిల్లి లేదన్నట్టు ఉంది.

"తీసుకెళ్ళడానికేగా వచ్చారు" అన్నాడు ముసలాయన. "మొదటిరోజు దాక్కున్నాను. రెండోరోజు పొరుగువాళ్ళని అడిగాను. సర్కారు బండి అయితే తలుపు తోసుకు వస్తుందిగాని, పిలిచి పిలిచి వెళ్ళిపోతుందేమిటయ్యా అన్నారు. ఆ అనుమానంతోనే తీశాను. శనివారం ఊరి పండుగ. రెండు చేతులూ బొమ్మలకే చాలవు, తీగ మైకు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు నాకు. ఆటయ్యాక తీసుకెళ్ళండి."

"ఎంబా, ఈ మైకు మీదేనని మీ నోటితో చెబుతారా?" అన్నారు పాక్ ప్రవోతో.

"నాదే. ఇంకెవరిది."

"రాసుకో విదూరీ."

విదూరి రాసుకుంది. పాక్ ప్రవోతో పెట్టె విప్పి, చెవికి తగిలించుకునే కొత్త మైకు తీసి ముసలాయన తలకి అమర్చారు. ఆయన అద్దంలో చూసుకుని, "పైలట్‌లా ఉన్నానా?" అని అడిగాడు. వాళ్ళకి టీ వచ్చింది, ఉడికించిన కర్రపెండలం వచ్చింది. పాత మైకుని పాక్ ప్రవోతో అదే బాతిక్ గుడ్డలో చుట్టి తీసుకున్నారు.

గురువారం పదకొండు దాటింది. పాక్ హెర్మావన్ చెమటలు కక్కుతూ తలుపు దగ్గర నిలబడ్డారు. పాక్ ప్రవోతో తెర ముందు కూర్చుని మొదటి పిలుపు పిలిచారు. ఆగారు. రెండోది పిలిచారు. ఆగారు.

"పాక్ ప్రవోతో, అది తెర. తెర పలకదు" అన్నారు పాక్ హెర్మావన్.

"మీరు సర్వే చేసినప్పుడూ పలకలేదండి" అన్నారాయన వినయంగా.

పెద్దాయన గోడ గడియారం వైపు తిరిగారు. మూడో పిలుపు అయింది. గీత లేవలేదు. పన్నెండుకి పది నిమిషాలుందనగా పాక్ ప్రవోతో "ఖాళీ" అని రాసి సంతకం పెట్టారు. ఫారం పంపించి వచ్చాక విదూరి ఆయన ఎదుట నిలబడింది.

"వెనక పేరా గురించి నాకు ముందే చెప్పచ్చుగా పాక్?"

"చెబితే నువ్వు తొందరపడి తలుపు తోసేదానివి. భయపడ్డవాళ్ళకి మొదటి పిలుపు దాక్కోవడానికి, రెండోది ఆలోచించుకోవడానికి. మూడోదానికి గాని బయటికి రారమ్మా."

"మరి బస్సులో సీటుకి?"

ఆయన కలానికి మూత పెట్టారు. "అది అలవాటైపోయింది."

ఆరు వారాల తర్వాత కొండ మీద టవరు వెలిగింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ భోంచేస్తుంటే పాక్ ప్రవోతో ఫోన్ మోగింది. తెలియని నంబరు, వీడియో కాల్. నొక్కగానే తెర నిండా పొట్ట లావుపాటి తోలుబొమ్మ ఒకటి, దాని వెనక చెవికి మైకు తగిలించుకున్న ముసలి తల సగం.

"కులోనువున్" అంది బొమ్మ, చెయ్యి ఊపుతూ.

పాక్ ప్రవోతో పలకలేదు. కళ్ళద్దాలు సర్దుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నారు. క్యాంటీనంతా చెంచాలు ఆపింది.

"కులోనువున్."

"పలకండి పాక్, కట్టయిపోతుంది" అంది విదూరి.

ఆయన వేలు అడ్డం పెట్టి ఆగమన్నారు. బొమ్మ ఈసారి ఒంగి ఒంగి, ఊళ్ళోవాళ్ళందరి నవ్వూ వెనక వినిపిస్తుండగా, మూడోసారి పిలిచింది. అప్పుడు పాక్ ప్రవోతో "మొంగ్గో, మొంగ్గో, రండి" అన్నారు. అని, ఫోన్‌లోంచి ఎవరో దిగి వస్తున్నట్టు తన కుర్చీ పక్కకి జరిపారు. మంత్రసాని ఇంటి వరండాలోంచే మాట్లాడుతున్నామని, గుట్ట ఎక్కలేదని ముసలాయన చెప్పాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.

ఫోన్ పెట్టాక విదూరి అడిగింది, "మొదటిసారే పలకచ్చుగా? అంత ఏడిపించాలా?"

"ముప్ఫై ఏళ్ళుగా నేను పిలుస్తున్నానమ్మా" అన్నారు పాక్ ప్రవోతో. "నన్ను ఎవరైనా పిలవడం ఇదే మొదటిసారి. మూడూ వినాలనిపించింది."

ఇద్దరూ పళ్ళెం వైపు తిరిగారు. ఆఖరి తెంపే ముక్క ఇంకా ఉంది. విదూరి దాని ముందు చేతులు కట్టుకుని మర్యాదగా మొదటి పిలుపు పిలిచింది. రెండోది పిలిచేలోపు పాక్ ప్రవోతో ఆ ముక్క తీసి నోట్లో వేసుకున్నారు.