సేటు సీసాకు వేసిన గింజ

డిసెంబరు ఆఖరి ఆదివారం వచ్చిందంటే నాకు ముందు మోకాళ్ళు గుర్తొస్తాయి, తర్వాతే వైను. హనుమకొండ సుబేదారిలో మా కెమిస్ట్రీ సారు మేడమీది గదికి ముప్పై రెండు మెట్లు. కట్టిన మేస్త్రీ ఎవరో గానీ మనుషుల్ని కాక మేకల్ని మనసులో పెట్టుకుని కట్టాడు. పదకొండేళ్ళ కిందట ఆ మెట్లను రెండేసి చొప్పున ఎక్కేవాణ్ణి. మొన్నటి డిసెంబరులో పద్నాలుగో మెట్టు మీద చతికిలబడి, సంచిలో సీసాను పక్కన ఆనించి, నా యాభై నాలుగేళ్ళ జీవితాన్ని మొదటినుంచీ ఒకసారి తిరగేశాను. అందులో ఆగి చూడదగ్గదేమీ కనబడక మళ్ళీ లేచి ఎక్కాను.

మేం అక్కడ చేసే పని చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఏడాది పొడుగునా దొరికిన వైన్లు తాగి చూస్తాం. వాటిలో ప్రాణానికి నచ్చిన దానికి జంట సీసా ఒకటి కొని దాచుకుంటాం. ఏడాది చివర ఎవరి సీసా వాళ్ళు తెచ్చి మిగతావాళ్ళకు రుచి చూపిస్తాం. అన్నిట్లో మేటిది ఏదో తేలుస్తాం. హనుమకొండలో వైన్స్ దుకాణాలు వేపచెట్ల కన్నా ఎక్కువే. కానీ లోపలికెళ్ళి వైను అడిగితే కౌంటరు మీది మనిషి నా మొహం వంక అనుమానంగా చూసి "కేకులకా సార్?" అంటాడు. తర్వాత నిచ్చెన వేసుకుని పైకెక్కి, ప్రతాపరుద్రుడు కూడా తుడవకుండా వదిలేసిన దుమ్ము తుడిచి, ఒకే ఒక్క సీసా చేతికిస్తాడు. జంట సీసా కావాలంటే హైదరాబాదు బస్సెక్కాల్సిందే.

మొదట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. ఒకాయన లివరు ఆయనకన్నా ముందు రాజీనామా చేసింది. ఒకాయన ఏటా సరిగ్గా డిసెంబరులోనే అయ్యప్ప మాల వేసుకుంటాడు, ఫోను చేస్తే శరణుఘోష వినబడుతుంది. ఒకాయన వైను వల్ల గ్యాసని విస్కీకి మళ్ళాడు. ఇంకొకాయన ఆ ముప్పై రెండు మెట్లు చూసి కిందినుంచే దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనంటే నాకు ఏటేటా గౌరవం పెరుగుతోంది. చివరికి ముగ్గురం మిగిలాం. సారు, సేటు, నేను.

సారు హసన్‌పర్తి దగ్గర కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. వైను గ్లాసుల్లో పోయడు, బీకర్లలో గీత చూసి పోస్తాడు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. ఒక పెళ్ళిలో పిల్ల తండ్రి చేతులు జోడించి "వంటలెట్లున్నయి సార్" అని అడిగితే, పప్పులో ఉప్పు మనిషికి రెండు గ్రాముల చొప్పున ఎక్కువైందని చెప్పి వచ్చాడు.

సేటుది మిర్చి వ్యాపారం. నలభై ఏళ్ళుగా మార్కెట్లో బస్తా బస్తాకూ ఒక కాయ తీసి, విరిచి, కొరికి, ధర చెప్పే మనిషి. ఆయన కొరికిన కాయలన్నీ వరసగా పేరిస్తే వరంగల్లు కోట చుట్టూ ఏడు చుట్లు తిరిగి, ఎనిమిదో చుట్టుకు కూడా కొన్ని మిగులుతాయి. వాళ్ళింట్లో వైను మాట ఎత్తితే గడపకు పసుపునీళ్ళు చల్లుతారు. అందుకని ఆ ఆదివారం "పరకాల పోతాన, సరుకు చూసొస్త" అని చెప్పి బయల్దేరతాడు.

మా పోటీలో గెలిచినవాడికి ఏం దక్కుతుందంటే, ఏమీ దక్కదు. ఖాళీ అయిన సీసాను సారు కడిగి, ఆ గది కిటికీలో నిలబెడతాడు. పది సీసాలున్నాయక్కడ. ఆరు సారువి, మూడు నావి, ఒకటి ఆ లివరాయనది. సేటుది ఒక్కటీ లేదు. పదేళ్ళు ఏటా వచ్చాడు, ఏటా ఓడిపోయాడు, ఏటా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి వెళ్ళాడు.

ఆదివారానికి పది రోజుల ముందు ఆయన నాకు ఫోను చేశాడు.

"తమ్మీ, దవాఖానకు పోయొచ్చిన. షుగరు బాగ పెరిగిందట. ఇయ్యాల్టి సంది సుక్క ముట్టద్దన్నది డాక్టరమ్మ. బతిలాడి బతిలాడి ఒక్క గిలాస ఒప్పిచ్చుకున్న. గది మన ఆదివారానికి."

"మరి వచ్చే ఏడు సేటూ?"

"అచ్చే ఏడు లేదు తమ్మీ. ఏదున్నా గీసారే. ఒక్కపారన్న నా సీస గా కిటికీల నిలబడాలె. మీ సీసలకు సప్పట్లు కొట్టీ కొట్టీ నా అరిచేతులు అరిగినయి."

"నాసిక్ వైను తెస్తానంటివి, అదేనా?"

"గదే. శివరాత్రి ముందట పోయినప్పుడు రెండు కొన్న. ఒకటి లాడ్జిలనే తాగిన. రొండోదాన్ని గీసారి ఎండ ముట్టలే. జర ఓపిక పట్టు, గెలిచినంక చెప్త ఏడ దాసిన్నో."

ఎండ మాట ఆయన ఎందుకన్నాడో నాకు తెలుసు. అంతకుముందు ఏడు ఆయన సీసా గోదాములో రేకుల కింద వేసవంతా ఉండి, డిసెంబరుకు పచ్చిపులుసై వచ్చింది. సారు ఒక గుక్క తాగి, బీకరు కింద పెట్టి, "ఎసిటిక్ ఆమ్లం" అని ఒక్క మాటన్నాడు. సేటు ఆ మాట ఏడాదంతా మోశాడు.

అదీ సంగతి. నేను ముప్పై రెండో మెట్టు ఎక్కి, గుమ్మం పట్టుకుని రొప్పుతూ లోపలికి చూసేసరికి సేటు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, నుదుట బొట్టు. పెళ్ళిచూపులకు వచ్చిన వరుడు కూడా అంత బిగుసుకుని కూర్చోడు.

మా పద్ధతి ప్రకారం సీసాలు మూడూ కిందికి పోతాయి. సారు భార్య, అంటే మా వదిన, ఎవరిదేదో తెలియకుండా వాటికి న్యూస్‌పేపరు చుట్టి, రబ్బరుబ్యాండ్లు వేసి, నంబర్లు రాసి పైకి తెస్తుంది. తాగిన తర్వాత ఎవరికి నచ్చిన సీసా ముందు వాళ్ళు ఒక చింతగింజ పెట్టాలి. ఎవరి సీసాకు వాళ్ళే తెలియకుండా గింజ వేసుకోవచ్చు, తెలియకుండా తిట్టుకోనూ వచ్చు. రెండోది నాకు చాలాసార్లు జరిగింది.

వదిన మూడు సీసాలూ బల్ల మీద పెట్టి, "ఈ వయసుల ఇదేం దొంగాట? తాగేదేదో మొకం చూసుకుంట తాగరాదుండ్రి?" అని, మరమరాల గిన్నె మా ముందు పడేసి వెళ్ళిపోయింది. ఆమె కూడా అలిసిపోయింది. పదకొండేళ్ళు ఎవరికైనా ఎక్కువే.

ఒకటో నంబరు వంకాయలు ఉడికించి పారబోసిన నీళ్ళలా ఉంది. ఆ మాటే పైకి అన్నాను. అది నాదేనని తర్వాత తేలింది, వదిలేయండి.

రెండో నంబరు బిరడా లాగాను. లాగీ లాగగానే మిర్చి మార్కెట్టు మొత్తం, లారీలతో హమాలీలతో సహా, ఆ సీసా మూతిలోంచి గదిలోకి దిగింది. సారు వరసగా తొమ్మిదిసార్లు తుమ్మాడు. నేను ఒక గుక్క తాగాను. గొంతులో ఎవరో పొయ్యి రాజేసి, ఊదుగొట్టంతో ఊది, పైన పెనం పెట్టి వెళ్ళిపోయినట్టయింది. కళ్ళలోంచి, ముక్కులోంచి, నాకింతవరకూ తెలియని దారుల్లోంచి కూడా నీళ్ళు కారాయి.

సేటు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. గుక్కను నోట్లో అటూ ఇటూ తిప్పాడు. నెమ్మదిగా మింగాడు.

"అబ్బ," అన్నాడు. "గిది సూడున్రి. ఎంత మెత్తగ దిగింది! మీకేమైంది, కండ్లల్ల నీల్లేంది?"

"బాగుంది సేటూ," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

సారు నోరు తెరిచాడు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. ఆయన ముక్కు తుడుచుకునే నెపంతో బాల్కనీలోకి పోయాడు, నేను వెనకే పోయాను.

"అది సేటుది," అన్నాడు సారు.

"తెలుసు."

"మిరపకాయలల్ల దాచిండు. బిరడా మొత్తం పీల్చుకున్నది. మరి ఆయనకు తెలుస్తలేదా?"

"నలభై ఏళ్ళు సార్. ఆ ముక్కుకూ నాలుకకూ మిరప వాసన, మిరప మంట లెక్కలోకే రావు. మనకు గాలి వాసన తెలుస్తుందా? అట్లా."

సారు పదోసారి తుమ్మాడు.

"ఒక్క గింజ సార్," అన్నాను. "ఆయన ఎట్లాగూ దానికే వేస్తాడు. నేనొకటి వేస్తే చాలు. ఆఖరి ఏడు."

"గింజ అబద్ధమైతే ఆ కిటికిల ఉన్న పదీ అబద్ధమైతయి."

"మీ గింజ మీరు నిజంగానే వేసుకోండి. నా పాపం నాది."

ఇద్దరం లోపలికొచ్చాం. మూడో నంబరు తాగాం. నా నాలుక అప్పటికి అగ్నిగుండం దాటొచ్చిన పాదంలా ఉన్నా, అది మంచి వైనని తెలిసిపోయింది. చల్లగా, తీరిగ్గా, ఎవరినీ మెప్పించాలని చూడకుండా ఉంది. ఏటా సారు తెచ్చేది అలాగే ఉంటుంది.

గింజలు వేసే వేళ. సారు మూడో సీసా ముందు పెట్టాడు. సేటు ఒక క్షణం కూడా తటపటాయించకుండా రెండో దాని ముందు పెట్టాడు. నా చేతిలో గింజ ఉంది. చింతగింజ ఎంత బరువుంటుందో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. క్వింటాలుంటుంది. దాన్ని ఈడ్చుకెళ్ళి రెండో సీసా ముందు దించాను.

సేటు పేపరు చించాడు. కళ్ళజోడు పెట్టుకుని లేబులు చదివాడు. తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"నాదే! తమ్మీ, నాదే! సార్, సూడున్రి, నాదే!" అని లేచి నిలబడ్డాడు. "ఏడ దాసిన్నో ఎరుకేనా? చల్లగుండాలె, సీకటుండాలె, కదలద్దు అని నిరుడు నువ్వే అంటివి గద తమ్మీ? వరంగల్ల గసొంటి జాగ ఏడున్నది? మిర్చి కోల్డ్ స్టోరేజీ! తేజ మిర్చి బస్త విప్పి, నడిమిట్ల అడ్డంగ పండవెట్టి, మల్ల కుట్టిచ్చిన. పది నెలలు పసిపిల్లగాని తీరు పన్నది."

ఫ్రాన్సు దేశపు రాజులు నేలమాళిగలు తవ్వించారు గానీ, వాళ్ళెవరికీ ఆ ఆలోచన రాలేదు. నిజానికి చల్లదనం, చీకటి, కదలకపోవడం అన్నీ సరిగ్గానే కుదిర్చాడు. ఒక్క పరుపు దగ్గరే పొరపాటు.

"ఇగ చెప్పు తమ్మీ," అని కూర్చున్నాడు. గెలిచిన వైను గురించి నాలుగు మాటలు చెప్పడం నా వంతు. ఏటా నేను దాన్ని నలభై మాటలు చేస్తాను. ఒకసారి నేను చెప్పడం ముగించేసరికి సారు ఒక నిద్ర తీసి లేచాడు.

మొదలుపెట్టాను. "ఈ వైనులో... తొలకరికి తడిసిన..." అన్నానో లేదో దగ్గు తెర వచ్చింది. నీళ్ళు తాగాను. "పండిన..." అన్నాను. మళ్ళీ దగ్గు. ముప్పై ఏళ్ళుగా గోరంతను కొండంత చేసి బతికిన మనిషిని. ఆ పూట నాకు గోరంత కూడా దొరకలేదు.

సేటు నవ్వు మెల్లగా ఆగింది. నా మొహం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నలబై ఏండ్ల సంది మార్కెట్ల మొకాలు సూత్తాన," అన్నాడు. "సరుకు మంచిగ లేదని ఎరుకుండి మంచిగున్నదని చెప్పే మొకం గిట్లనే ఉంటది. సార్, నువ్వు చెప్పు."

సారు నా వైపు చూడలేదు. "మిర్చి ఘాటు సేటూ. వాసనంత గదే. గొంతుల మంట."

సేటు బీకరు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. బిరడా తీసుకుని పీల్చాడు. మరమరాల గిన్నె కూడా తీసుకుని వాసన చూశాడు, దేనితో దేన్ని పోల్చాలనుకున్నాడో. అన్నీ బల్ల మీద పెట్టేశాడు.

"నాకేమత్తలేదు," అన్నాడు.

కింద వదిన కుక్కరు కూత పెట్టింది.

"నేరేడు వాసన, మట్టి వాసన, పొగాకు వాసన అని మీరంటాంటే, నేను మీ మొకాలు సూసి తలకాయ ఊపిన. గిదంత ఏదో సదువుకున్నోల్ల ముచ్చట అనుకున్న. నిజంగనే వాసనత్తదా?"

"వస్తది సేటూ," అన్నాడు సారు.

సేటు తలాడించాడు. తర్వాత రెండో సీసా ముందున్న గింజల్లో ఒకదాన్ని వేలితో నా వైపు జరిపాడు. "నీ గింజ నువ్వు తీస్కో తమ్మీ."

"ఉండనీ సేటూ, నాకు నిజంగానే..."

"తీస్కో. గిన్నేండ్లు సక్కగ ఓడిన. ఆఖరికచ్చి గిట్ల గెలిపియ్యకు."

తీసుకున్నాను. మూడో సీసా ముందు పెట్టాను. ఆ జానెడు దూరం జరపడానికి ముప్పై రెండు మెట్లెక్కినంత ఆయాసం వచ్చింది. మిగిలిన గింజను కూడా జరుపుదామని చెయ్యి చాచబోతే సేటు నా మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టకు. గది నాది. నేను అబద్దం ఎయ్యలే. నా నోటికి గిదే మంచిగున్నది."

"అది చెల్లుతది," అన్నాడు సారు. చెల్లదని ఎవరైనా అంటే యుద్ధానికి దిగేలా ఉన్నాడు.

డాక్టరమ్మ ఒప్పుకున్న ఆ ఒక్క గ్లాసు లెక్కలో రుచి చూసిన గుక్కలన్నీ పోను ఇంకా సగం పైన మిగిలుంది. ఏది పొయ్యమంటావని సారు అడగలేదు. రెండో సీసా వంచి సేటు బీకరులో పోశాడు. మా ఇద్దరికీ కూడా అందులోంచే పోశాడు. నేను జేబురుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఇగ చెప్పున్రి," అన్నాడు సేటు, కుర్చీలో వెనక్కి వాలి. "ఏమేం వాసనలత్తానయి? ఏది దాసకున్రి. ఒక్కొక్కటి, మెల్లగ."

"ముందుగాల మిర్చి," అన్నాడు సారు. "తొడిమె తీసిన మిర్చి."

"ఊఁ."

ఆ ఘాటు కింద ఇంకేమైనా ఉందా అని నేను అప్పటిదాకా వెతకనే లేదు. ముక్కు కారుతుండగా కళ్ళు మూసుకుని వెతికాను. "దాని కింద నేరేడు సేటూ. బాగా పండి, చెట్టు కింద రాలినవి."

"నేరేడు," అని సేటు ఒక చుక్క తాగాడు. "ఇంక?"

"తడిసిన గోనెసంచి."

"గది మనదే," అని నవ్వి ఇంకో చుక్క తాగాడు. "ఇంక?"

సారు ఒకటి చెప్పాడు, నేనొకటి చెప్పాను. కాదు, అది బెల్లం వాసనని ఆయన, కాదు, కాలిన చక్కెరని నేను, తుమ్ముకుంటూ దగ్గుకుంటూ కాసేపు కొట్లాడుకున్నాం. లేనిది ఒక్కటీ చెప్పలేదు. సేటు విన్న ప్రతి మాటనూ నెమ్మదిగా ఒకసారి పైకి అనుకుని, ఆ మాటకు సరిపడా మాత్రమే తాగాడు. ఆ బీకరు ఖాళీ కావడానికి గంట పట్టింది.