వంగని చెయ్యి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, నా కుడి మణికట్టుకున్న పట్టీ చూసి పక్క సీటు పెద్దావిడ అడిగింది, "ఏమైందమ్మా?"

"కీలు అరిగింది పెద్దమ్మా. సన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూసుకుంటూ ఎముకలను మరలతో అతికిస్తారంట. నొప్పి పోతాదంట, మణికట్టు మాత్రం ఇంక వంగదంట. వద్దన్నాను. జొన్నరొట్టె తట్టలేని చెయ్యి నాకెందుకు?"

ఆమె కొంగు తప్పించి తన కుడిచెయ్యి చూపింది. మణికట్టు మీద మిరపగింజలంత మచ్చలు. "నాదీ అట్లే అతికించినారు. దినమూ రొట్టెలు తడతానే ఉండాను."

"వంగని చేత్తోనా? ఎవరికి చెప్తావులే," అన్నాను. బడిలో నేను పిల్లలను అణిచే గొంతే అది.

ఆమె నొచ్చుకోలేదు. "సదువుకున్నదానివి, సూడు మల్ల," అని నా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద లేని పిండిని తట్టసాగింది. మణికట్టు కదల్లేదు. మోచేయి లేచి పడుతుంటే ఎడమచెయ్యి రొట్టెను తిప్పుతోంది.

"గుండ్రంగా వస్తాయా?"

"మొదట్లో వంకర్లే. మా ఆయన వంక పెట్టినాడు. నువ్వే తట్టుకోమని పిండి ఆయన ముందరికి తోసినా. మల్ల వంకరవే తిన్నాడు."

ఇంకా వాదించేదాన్నే, ఊరొచ్చింది. ముందు దిగి ఆమె అదే చెయ్యి చాచింది. ఒకరి చెయ్యి పట్టుకుని దిగే రకం కాదు నేను. అయినా ఎడమచెయ్యి అందించాను. నా బరువంతా పడినా ఆ చెయ్యి వణకలేదు. నా కుడిచెయ్యేమో నీళ్ళ గ్లాసుకే వణుకుతుంది.

పేరు అడగలేదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి పోయి ఒకటే అడిగాను, ఆపరేషనుకు ఎప్పుడు రమ్మంటారని.