ఎర్ర గొట్టం మాత్ర

ఎనభైల మొదటి రోజులవి. కొత్తపేట దగ్గర మా ఊళ్లో నాన్న ఇంటి అరుగు మీద పిల్లలకు వేదం చెప్పేవారు. ఒకరోజు పాఠం మధ్యలో దగ్గు తెర వచ్చి ఉత్తరీయం అడ్డం పెట్టుకుంటే దాని మీద నెత్తుటి చార కనబడింది. క్షయ అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. "ఆ జబ్బు" అనేవాళ్లం. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనని భయం.

నాన్నను అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మామయ్య, అంటే అమ్మ తమ్ముడు. వెనకటిలా ఏడాదిన్నర పాటు సూదులు పొడిపించుకోనక్కర్లేదు, కొత్త మందు వచ్చింది, దీనితో తొందరగా నయమవుతుంది అన్నారట డాక్టరు. రిఫాంపిసిన్ అని దాని పేరు. ఎర్రటి గొట్టం మాత్ర. పొద్దున్నే పరగడుపున తెల్ల బిళ్లలతో కలిపి మింగాలి. నేనప్పుడు ఇంటర్ సైన్సు చదువుతున్నాను. ఆ పేరు కాలేజీలో ఎవరి నోటా వినలేదు. ఎవరూ ఎరగని మందు మీద నాన్నను వదిలేశామని నాకు భయంగా ఉండేది.

తెల్లవారుతూనే నాన్న గ్లాసుతో నీళ్లు, మాత్రలు పట్టుకుని నూతి దగ్గరికి వెళ్లేవారు. ఒకరు చూస్తుండగా మందు మింగడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

ఒకనాడు కాలేజీకి బయలుదేరే ముందు దొడ్లోకి వెళ్లాను. అరటి చెట్టు మొదట్లో మట్టి ఎర్రగా తడిసి ఉంది. నాన్న అక్కడ నెత్తురు కక్కుకున్నారనుకున్నాను. వంగి చూస్తే నీళ్లకు నాని విచ్చుకున్న గొట్టం మాత్ర. పక్కనే మట్టిలో కూరుకుపోయి ఇంకొకటి. వెనక్కి తిరిగేసరికి నాన్న నిలబడి ఉన్నారు.

"మానేసేనమ్మా," అన్నారు మెల్లిగా. "అది మొదలెట్టిన కాణ్ణించీ ఒంటికెళ్తే రక్తం పోతోంది. లోపల ఏదో తెగినట్టుంది. మీ అమ్మకి చెప్పకు, హడిలిపోతుంది."

నేను హడిలిపోనని ఎందుకనుకున్నారో. మానితే జబ్బు తీసుకుపోతుంది, మింగితే మందే తీసుకుపోతుంది. ఎటు చూసినా నాకు నాన్న మిగలడం లేదు. పక్క వీధిలో ఉన్న మామయ్య ఇంటికి పరిగెత్తాను.

నేను చెప్పింది విని మామయ్య తాగుతున్న కాఫీ కింద పెట్టేశాడు.

"అది రక్తం కాదే అమ్మాయ్, మందు రంగు. ఒంట్లోంచి పోయే నీళ్లన్నీ ఎర్రగా వస్తాయి, కన్నీళ్లు కూడానూ, భయపడొద్దని చెప్పమన్నారు డాక్టరు గారు. బావగారు అప్పటికే బయటికెళ్లి రిక్షాలో కూర్చున్నారు. నాకు చెప్పి పంపేరు."

"మరి చెప్పలేదేం మామయ్యా?"

"బావగారితో ఆ మాట ఎలా అంటానే? ఆయన ఎదర నేను కుర్చీలో కూడా కూర్చోను కదా. పోనీ అక్కయ్యతో అందామంటే అదీ బాగోదాయె."

మర్యాద. మా సీమ మర్యాద. ఒక మనిషి ప్రాణాన్ని పణం పెట్టేస్తాం గానీ నోరు మాత్రం విప్పం. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసారి అమ్మా నేనూ కూడా. మధ్యలో మానిన మందు మళ్లీ పనిచెయ్యవచ్చు, చెయ్యకపోనూ వచ్చు అన్నారాయన. ఒంట్లో క్రిమి దానికి లొంగకుండా పోతే తన దగ్గర ఇంతకన్నా మంచి మందు లేదన్నారు. అమ్మ అక్కడ ఏడవలేదు. రంగు సంగతి మాత్రం ఆయన చేత మళ్లీ చెప్పించుకుని, "ఆయ్, నేను చూసుకుంటానండీ," అంది.

మర్నాటి నుంచి నాన్న అమ్మ ఎదురుగానే మాత్ర మింగాలి. ఆ తర్వాత, ఆయన ముందు ఎన్నడూ గట్టిగా మాట్లాడని మా అమ్మ, అరుగు మీద వేదం పిల్లలు కూర్చుని ఉన్నా సరే, గుమ్మంలో నిలబడి అడిగేది.

"ఎర్రగానే వచ్చిందాండీ?"

నాన్న తల దించుకుని "ఊఁ" అనేవారు. ఆ జవాబు వింటేగానీ అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. ఎరుపు ఉందంటే మందు ఒంట్లో ఉన్నట్టు. మాకు అర్థమైన వైద్యం అంతవరకే.

నెలలు గడిచాయి. నాన్నకు ఒళ్లు పట్టింది. చివరికి డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, ఇక మందు ఆపెయ్యమన్నారు. ఆ రోజు అమ్మ పులిహోర చేసింది. తర్వాత రెండు మూడు రోజులకు నాన్న దొడ్లోంచి నవ్వుతూ వచ్చి, అమ్మ అడక్కుండానే, "ఇవాళ మామూలుగా వచ్చిందే," అన్నారు.

బియ్యం చెరుగుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అయితే ఇంక లోపల ఏం జరుగుతోందో మనకెలా తెలుస్తుందండీ?" అంది.

నాన్న నవ్వు ఆగిపోయింది. వచ్చి అమ్మ పక్కనే నేల మీద కూర్చున్నారు.